మూడు వెర్షన్లు, రెండు భాషలు, ఇద్దరు నిర్వాహకులు: డాక్యుమెంటేషన్ సైటును ఎలా నిలుపుకోవాలి?

#1 చిత్తుప్రతి

అందరికీ నమస్కారం. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును మరొక మిత్రుడితో కలిసి ఏడేళ్లుగా నిర్వహిస్తున్నాను. ప్రోగ్రాము బాగానే నడుస్తున్నది. దాని డాక్యుమెంటేషన్ సైటు మాత్రం మా చేతుల్లోంచి జారిపోతున్నది.

మొదట అంతా ఒక వికీలో ఉండేది. నాలుగేళ్ల క్రితం దానిని, మూల ఫైళ్ల నుంచి వెబ్ పేజీలు తయారు చేసే స్ఫింక్స్‌కు మార్చి, గిట్‌హబ్ వారి సైట్ల సేవ అయిన గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టాము. ప్రస్తుతం 1, 2, 3 వెర్షన్లకు వేర్వేరు ఫోల్డర్లు ఉన్నాయి. ఇంగ్లిషులో 58 పేజీలు, తెలుగులో 41 పేజీలు ఉన్నాయి. గూగుల్‌లో వెతికినవారికి మొదట 1వ వెర్షన్ పేజీయే కనబడుతున్నది. మూడవ వెర్షన్‌లో మెనూలన్నీ మారిపోయాయి కనుక వారు ఆ పేజీ చదివి, అందులో చెప్పిన బటన్ తెర మీద లేదని మాకు ఉత్తరాలు రాస్తున్నారు. తెలుగు పేజీలు రెండవ వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి. పైగా సైటులోని వెతుకు పెట్టెలో ఏ తెలుగు మాట కొట్టినా ఫలితాల్లో సైటంతా వస్తున్నది.

తెలుగు పేజీలను పూర్తిగా తీసివేసి, ఇంగ్లిషు ఒక్కదానినే సరిగా చూసుకుందామని మా మిత్రుని అభిప్రాయం. తప్పుడు సూచన ఇచ్చే పేజీ కన్నా పేజీ లేకపోవడమే మేలని ఆయన వాదన. నాకు మనసొప్పడం లేదు గాని, ఎదురు చెప్పడానికి నా దగ్గర గట్టి కారణమూ లేదు. ఇటువంటి సైట్లు చూసుకున్న అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

#2 సర్వర్ గది

చిత్తుప్రతి గారూ, భాష సంగతి తెలిసినవారు చెబుతారు. నేను చిరునామాల సంగతి చెబుతాను. మీ కష్టాల్లో సగం అక్కడే పుట్టాయని నా అనుమానం.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసు వారి డాక్యుమెంటేషన్‌ను ఒకసారి గమనించండి. అక్కడ ప్రతి వెర్షన్‌కూ దాని సంఖ్యతో ఒక చిరునామా ఉంటుంది, వాటితో పాటు 'కరెంట్' అనే చిరునామా కూడా ఒకటి ఉంటుంది. కొత్త వెర్షన్ విడుదలైనప్పుడల్లా దాని వెనుక ఉన్న పాఠ్యం మారుతుంది, చిరునామా మాత్రం అలాగే ఉంటుంది. బ్లాగుల్లోనూ ప్రశ్నోత్తరాల సైట్లలోనూ జనం ఆ చిరునామానే ఇస్తూ పోతే, ఏళ్ల తరబడి వచ్చిన లింకుల బలమంతా ఒకే చోట పోగవుతుంది. మీ 1వ వెర్షన్ పేజీలు గూగుల్‌లో పైన కనబడడానికి కారణం, వాటికి నాలుగేళ్ల లింకులు ఉండడమూ, నిన్న మొన్న పుట్టిన 3వ వెర్షన్ పేజీలకు అవి లేకపోవడమూ. కాబట్టి అన్నిటికన్నా ముందు ఒక స్థిరమైన చిరునామా పెట్టండి. పాత వెర్షన్ పేజీల తలభాగంలో కానానికల్ లింకుగా, అంటే అసలు పేజీ ఇదేనని వెతుకు యంత్రాలకు చెప్పే గుర్తుగా, ఆ స్థిరమైన పేజీని చూపండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఏ పేజీలు తెరవకూడదో వెతుకు యంత్రాలకు చెప్పే రోబోట్స్ ఫైలులో పాత ఫోల్డర్లను నిషేధిస్తే, అవి వాటిని మరచిపోతాయనుకుంటారు. నిషేధించిన పేజీని యంత్రం తెరవనే తెరవదు కనుక, ఆ పేజీలో మీరు పెట్టిన కానానికల్ లింకు గాని, సూచికలో చేర్చవద్దన్న గుర్తు గాని దాని కంటపడవు. ఇతర సైట్ల లింకుల వల్ల ఆ చిరునామా సూచికలో అలాగే మిగిలిపోవచ్చు. అందుచేత తలుపు తెరిచి ఉంచి, లోపల బోర్డు పెట్టడమే సరైన పద్ధతి.

ఆ బోర్డు మనుషులకూ కనబడాలి. మద్దతు ఆగిపోయిన వెర్షన్ పేజీ తెరిస్తే, ఇది భద్రత లేని పాత వెర్షన్‌కు చెందిన పత్రమని జాంగో (వెబ్ సైట్లు కట్టే పనిముట్టు) వారు పైనే చెబుతారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వారైతే ఆ హెచ్చరికతో పాటు అదే పేజీ కొత్త వెర్షన్‌లో ఎక్కడుందో లింకు కూడా ఇస్తారు. ఆ 'అదే పేజీ' అన్నది ముఖ్యం. ముఖపుటకు పంపించివేస్తే చదువరి అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టడు, సైటు మూసివేస్తాడు.

గిట్‌హబ్ పేజెస్‌లో సర్వరు స్థాయి రీడైరెక్టులు లేవు. పేరు మార్చిన ప్రతి పేజీ స్థానంలో, వెంటనే కొత్త చోటికి పంపించే చిన్న హెచ్‌టీఎంఎల్ పేజీని వదలవలసి వస్తుంది. దానికి స్ఫింక్స్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. వికీ కాలపు చిరునామాలకు కూడా ఈ పని చేశారా? చేసి ఉండరని నా ఊహ. మంచి చిరునామాలు మారవని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. మనం మాత్రం థీము మార్చినప్పుడల్లా అవీ మారుస్తూనే ఉన్నాము.

#3 అచ్చుపని

అయ్యా, నేను ప్రోగ్రామర్‌ను కాను. విజయవాడలో చిన్న ముద్రణశాల నడుపుతున్నాను, మీ ప్రోగ్రామును మా దగ్గర రోజూ వాడుతున్నాము. తెలుగు పేజీలు తీసివేస్తామన్న మాట చూసి రాయక తప్పలేదు.

మా దగ్గర ఇద్దరు ఆపరేటర్లు ఉన్నారు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా పేజీలు కడుతున్నవారే. ఇంగ్లిషు మెనూలు కంఠతా వచ్చు గాని, ఇంగ్లిషులో ఒక పేరా చదివి అర్థం చేసుకొని పని చేయమంటే చేయలేరు. 'ఒత్తులు విడిపోయినప్పుడు ఏమి చేయాలి' అన్న మీ తెలుగు పేజీని ప్రింటు తీసి కంప్యూటరు పక్కన గోడకు అంటించుకున్నారు. అందులో చెప్పిన ఒక మెనూ ఇప్పుడు లేదు. దానిని పెన్సిలుతో కొట్టివేసి, పక్కన కొత్త పేరు రాసుకున్నారు. పేజీలో ఒక్క మాట పాతబడిందని పేజీ మొత్తం తీసివేస్తే, మాకు ఆ మిగిలిన ముప్పై వాక్యాలు ఎవరు చెబుతారు?

పాతది అని పైన రాసి పెట్టండి చాలు. మేము చూసుకొని వాడుకుంటాము.

#4 పీఓ ఫైలు

అచ్చుపని గారు చెప్పినదానిని నేను సాంకేతికంగా మరో విధంగా చెబుతాను. తీసివేయాలా, ఉంచాలా అన్న నిర్ణయం పేజీ స్థాయిలో చేయబట్టే ఇంత కష్టంగా ఉంది. పేరా స్థాయికి దిగితే ఆ ప్రశ్నే చాలావరకు మాయమవుతుంది.

చిత్తుప్రతి గారూ, మీ ఫైళ్లన్నీ ఉన్న రిపోజిటరీ చూశాను. మీరు ఇంగ్లిషు ఫైలును కాపీ చేసి, దాని మీదనే తెలుగు రాసుకుంటూ పోయారు. ఆ పద్ధతిలో ఇంగ్లిషు పేజీలో ఎప్పుడు ఏ వాక్యం మారిందో తెలుగు ఫైలుకు తెలిసే దారి లేదు. స్ఫింక్స్‌లోనే ఉన్న గెట్‌టెక్స్ట్ అనే అనువాద పద్ధతిలో అయితే, బిల్డు చేసినప్పుడు (పేజీలు తయారు చేసినప్పుడు) ప్రతి పేరా, ప్రతి శీర్షిక ఒక్కొక్క సందేశంగా విడిపోయి పీఓ ఫైళ్లలోకి వస్తుంది. అనువాదకుడు వాటి కింద తెలుగు రాస్తాడు. తరువాత ఇంగ్లిషులో ఒక పేరా మారితే, ఆ ఒక్క పేరా మీద 'ఫజ్జీ' (మళ్లీ చూడవలసినది) అన్న గుర్తు పడుతుంది. మామూలుగా స్ఫింక్స్ ఫజ్జీ అనువాదాన్ని పేజీలో చూపదు. ఆ చోట తాజా ఇంగ్లిషు పేరా కనబడుతుంది, చుట్టూ ఉన్న తెలుగు అలాగే ఉంటుంది. అచ్చుపని గారి ఆపరేటర్లు పెన్సిలుతో చేసిన పనినే ఇది యంత్రం చేత చేయిస్తుంది.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్ అనువాదాలు ఇలాగే నడుస్తున్నాయి. జపనీయులు, ఫ్రెంచివారు ఎవరి సైటులో వారు చేసుకుంటున్న పనిని 2017లో పెప్ 545 అనే ప్రతిపాదన ద్వారా ఒకే చిరునామా కిందికి తెచ్చారు. పేజీ చిరునామా మధ్యలో భాష పేరు చేరుతుంది, అంతే. సగం అనువాదమైన పేజీ చూడడానికి అతుకుల బొంతలా ఉంటుందని కొందరికి నచ్చదు. నాకు అతుకుల బొంత చలి కాచే వస్తువే.

అయితే మీ మిత్రుని భయంలోనూ నిజం ఉంది. ఎంత మంచి పద్ధతి ఉన్నా, చూసే మనిషి లేకపోతే ఆ భాష నిలవదు. వెబ్ సైట్లు రాసేవారు చూసుకొనే ఎండీఎన్ సైటు 2020 డిసెంబరులో వికీ పద్ధతిని వదిలి గిట్‌హబ్‌కు మారినప్పుడు, మొదట ఇంగ్లిషు కాక మిగిలిన భాషలన్నిటినీ ఉన్నచోట స్తంభింపజేసింది. ఆ తరువాత, బాధ్యత తీసుకోవడానికి బృందం ముందుకు వచ్చిన కొన్ని భాషలను మాత్రమే మళ్లీ తెరిచి, తక్కినవాటిని సైటు నుంచి తొలగించింది. ఫ్రెంచి, జపనీస్, కొరియన్ వంటివి నిలిచాయి. ఎవరూ చూడని అనువాదం పదేళ్ల కిందటి సలహాను నేటి సలహాగా చెబుతూ ఉండడం అక్కడ నిజంగా జరిగింది కనుక, ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను.

#5 చిత్తుప్రతి

అందరికీ కృతజ్ఞతలు. పీఓ ఫైలు గారూ, ఒక చిక్కు ఉంది. మా 41 తెలుగు పేజీల్లో 9 పేజీలు అనువాదాలు కావు. ఏ ఫాంటులో ఏ కీ ఏ అక్షరానికి వస్తుందో చెప్పే పట్టికలు, మార్పిడి తరువాత సరిచూసుకోవలసిన తప్పుల జాబితాలు, ముద్రణశాలలకు ఉద్దేశించిన సూచనలు మొదలైనవి నేరుగా తెలుగులోనే రాశాము. వాటికి ఇంగ్లిషు మూలమే లేదు. మిగిలిన 32 మాత్రమే అనువాదాలు. గెట్‌టెక్స్ట్‌లోకి వెళితే ఆ 9 పేజీల సంగతి ఏమిటి?

సర్వర్ గది గారూ, మీ ఊహ నిజం. వికీ చిరునామాలను అలాగే గాలికి వదిలేశాము.

#6 పీఓ ఫైలు

ఆ 9 పేజీలే మీ సైటుకు ప్రాణం. వాటిని ఇంగ్లిషులోకి తెచ్చి మళ్లీ తెలుగు చేయవలసిన అవసరం లేదు. తెలుగు మూలంగా వేరే ప్రాజెక్టు ఫోల్డరులో ఉంచి, దాని భాషను తెలుగుగా ప్రకటించండి. ఇంగ్లిషు సైటులో వాటికి ఒక్కొక్క వాక్యం పరిచయమూ లింకూ ఇస్తే చాలు. కీ మ్యాప్ పట్టిక చూడడానికి వచ్చేవారిలో తెలుగు రానివారు ఎందరుంటారు?

#7 ఒత్తు గుడి

వెతుకు పెట్టె సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కనుక నేను అందుకుంటాను. 'ఏ మాట కొట్టినా సైటంతా వస్తున్నది' అన్నారు. అది మీ పొరపాటు కాదు, మన లిపికి జరిగిన అన్యాయం.

స్ఫింక్స్ పేజీలోని పాఠ్యాన్ని మాటలుగా విడగొట్టడానికి పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలోని (పాఠ్యంలో నమూనాలను వెతికే పద్ధతిలోని) 'పద అక్షరం' అన్న గుర్తును వాడుతుంది. ఆ గుర్తు అచ్చులను, హల్లులను, అంకెలను ఒప్పుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో కాక, సంయోజక చిహ్నాల వర్గంలో ఉన్నాయి కనుక వాటిని ఒప్పుకోదు. అవి ఎదురైన ప్రతిచోటా మాట తెగిపోతుంది. 'అక్షరాలు' అన్న మాట 'అక', 'షర', 'ల' అని మూడు ముక్కలవుతుంది. 'ఫాంటు' అన్న మాటలో మిగిలేవి 'ఫ', 'ట' అన్న రెండు హల్లులే. చదువరి వెతికిన మాటను బ్రౌజరులోని జావాస్క్రిప్టు కూడా ఇదే విధంగా నరుకుతుంది. ఫాంట్ల గురించిన సైటులో 'ఫ', 'ట' అన్న ముక్కలు లేని పేజీ ఏదైనా ఉంటుందా? అందుకే సైటంతా వస్తున్నది.

దీనికి మందు ఉంది. స్ఫింక్స్‌తో వచ్చే వెతుకు భాషల జాబితాలో భారతీయ భాషలేవీ లేవు గాని, మన సొంత భాషా తరగతిని రాసి చేర్చుకోవచ్చు. అందులో మూడు పనులు చేయండి. తెలుగు యూనికోడ్ శ్రేణి మొత్తాన్ని మాటలో భాగంగా ఒప్పుకొనే విధంగా విడగొట్టండి, బ్రౌజరు వైపు విడగొట్టే కోడును కూడా అదే తరగతిలో ఇవ్వండి. రెండవది, సూచిక కట్టేటప్పుడూ వెతికేటప్పుడూ అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను తీసివేయండి. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటను కొందరు దానితో టైపు చేస్తారు, కొందరు అది లేకుండా చేస్తారు. యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. మూడవది, పాఠ్యాన్ని ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపానికి తెచ్చుకోండి. ఐత్వం ఒకే చిహ్నంగానూ రావచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిసి రెండు చిహ్నాలుగానూ రావచ్చు. మీ ప్రోగ్రాము పనే ఇటువంటి తేడాలను సరిచేయడం కనుక మీకు ఇది కొత్త కాదనుకుంటాను.

విభక్తుల సంగతి వేరు. 'ఫైలు' అని వెతికినవారికి 'ఫైళ్లలో' కనబడాలంటే పదరూపాల వ్యాకరణం తెలిసిన కోడు కావాలి. మీ 41 పేజీలకు దాని జోలికి పోకండి. శీర్షికల్లో మాట మూలరూపం ఒకసారి వచ్చేలా రాసుకుంటే సరిపోతుంది.

ఇదే లిపి సమస్య మరొక చోట కూడా మిమ్మల్ని కాటు వేస్తుంది, బహుశా మీరు గమనించి ఉండరు. శీర్షిక నుంచి లింకు గుర్తును తయారు చేసేటప్పుడు స్ఫింక్స్ లోపల పనిచేసే డాక్‌యూటిల్స్, ఆస్కీలో (ఇంగ్లిషు అక్షరాల పట్టికలో) లేని అక్షరాలన్నిటినీ పారేస్తుంది. తెలుగు శీర్షికలో ఏమీ మిగలదు కనుక 'ఐడీ1', 'ఐడీ2', 'ఐడీ3' అని వరుస సంఖ్యలు ఇస్తుంది. మీరు పేజీ మధ్యలో ఒక కొత్త శీర్షిక చేర్చారంటే, దాని కింద ఉన్నవాటి సంఖ్యలన్నీ ఒకటి చొప్పున జరుగుతాయి. పాత లింకు విరగదు. వేరే విభాగం దగ్గర తెరుచుకుంటుంది. విరిగిన లింకు కనీసం విరిగానని చెబుతుంది, ఇది చెప్పదు. గెట్‌టెక్స్ట్ ద్వారా వచ్చే పేజీల్లో ఇంగ్లిషు శీర్షిక నుంచి పుట్టిన గుర్తులు నిలిచి ఉంటాయి కనుక ఆ బాధ లేదు. మీ 9 సొంత తెలుగు పేజీల్లో మాత్రం ప్రతి శీర్షికకు ముందు చేత్తో ఒక లేబులు రాయక తప్పదు.

#8 కొత్త చిగురు

ఇంత తిప్పలెందుకండీ? స్ఫింక్స్ పాతకాలపు పనిముట్టు. డాక్యుసారస్ వంటిదానికి మారితే వెర్షన్లు, భాషలు దానితోనే వస్తాయి, వెతుకులాటకు బయటి సేవను కలుపుకోవచ్చు. తెలుగు పేజీల కోసం ఇంగ్లిషు మారినప్పుడల్లా కృత్రిమ మేధ చేత అనువాదం చేయించి నేరుగా ప్రచురించవచ్చు. మనుషులు లేరన్న సమస్యే ఉండదు.

#9 సర్వర్ గది

కొత్త చిగురు గారూ, డాక్యుసారస్ మంచి పనిముట్టే, నేనే రెండు చోట్ల వాడుతున్నాను. కాని ఇద్దరు మనుషులున్న ప్రాజెక్టు, సైటు తయారు చేసే పనిముట్టునే మార్చడానికి పూనుకుంటే, ఆరు నెలల పాటు పాఠ్యంలో ఒక్క వాక్యం కూడా బాగుపడదు. వికీ నుంచి స్ఫింక్స్‌కు మారినప్పుడు వీరి పాత లింకులన్నీ పోయాయి. ఇప్పుడు మళ్లీ మారితే మిగిలినవీ పోతాయి. వారి ఫిర్యాదుల్లో దేనికీ స్ఫింక్స్‌లో మందు లేకపోలేదు.

కృత్రిమ మేధ మాట ఎత్తారు కనుక, సైటు నడిపేవారి వైపు నుంచి ఒక సంగతి చెబుతాను. ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఉచితంగా చోటిచ్చే రీడ్ ద డాక్స్ వారు 2024లో ఒక లెక్క బయటపెట్టారు. శిక్షణ కోసం పాఠ్యం పోగుచేసే ఒక క్రాలరు ఆ ఏడాది మే నెల ఒక్కదానిలో 73 టెరాబైట్ల ఫైళ్లను దింపుకున్నదనీ, ఆ ఒక్కదాని వల్ల తమకు 5,000 డాలర్లకు పైగా బ్యాండ్‌విడ్త్ ఖర్చయిందనీ చెప్పారు. ప్రతి వెర్షన్‌కూ జిప్పు ఫైలు పెట్టి, దానిని వందలసార్లు దింపుకోనిచ్చే సైట్లకు ఇది పాఠం. చిత్తుప్రతి గారి సైటు చిన్నదే అయినా, 1వ వెర్షన్ జిప్పులను ఇంకా అక్కడ ఉంచవలసిన పని కనబడడం లేదు.

#10 పీఓ ఫైలు

యంత్రానువాదం మీద నాకు పగ ఏమీ లేదు. ముసాయిదాగా వాడుకుంటాను. కాని యంత్రం ఇచ్చినదంతా ఫజ్జీ గుర్తుతోనే పీఓ ఫైలులోకి వెళ్లాలి. మనిషి చదివి గుర్తు తీసిన తరువాతే సైటులో కనబడాలి. 'సేవ్' అన్నదానికి 'రక్షించు' అని, 'హోమ్' అన్నదానికి 'ఇల్లు' అని రాసిన అనువాదాలు ఇప్పటికీ నా ముందుకు వస్తూనే ఉన్నాయి. పైకి నవ్వు తెప్పించే తప్పులు నయం, వెంటనే దొరుకుతాయి. 'చేయనవసరం లేదు' అన్నచోట 'చేయకూడదు' అని వచ్చిన వాక్యం సాఫీగా చదివిస్తుంది. దానిని పట్టుకోవాలంటే మూలం పక్కన పెట్టుకొని కూర్చోవాలి. అచ్చుపని గారి గోడ మీదికి ఆ వాక్యం ఎక్కితే తరువాత మనం సైటులో దిద్దినా అక్కడ దిద్దుబాటు కాదు.

#11 రెండో చూపు

నేను ఒక పెద్ద ప్రాజెక్టులో డాక్యుమెంటేషన్ రాయడమే వృత్తిగా చేస్తున్నాను. ఇక్కడ పాఠ్యం తీరు గురించి రెండు మాటలు చెప్పాలనిపించింది.

మొదటిది, మెనూ పేర్లు. మీ ప్రోగ్రాము తెరలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. తెలుగు పేజీలో మాత్రం 'ఇలా భద్రపరచు నొక్కండి', 'అభిరుచులు తెరవండి' అని ఉంది. చదువరి తెర మీద ఆ మాటలు వెతుకుతాడు. అవి అక్కడ ఉండవు. తెర మీద ఏ లిపిలో ఏ మాట కనబడుతుందో పేజీలోనూ అదే ఉండాలి. అర్థం చెప్పాలనుకుంటే ఒక్కసారి పక్కన తెలుగులో చెప్పవచ్చు. మెనూ పేర్లన్నిటినీ ఒకే ఫైలులో పెట్టుకొని, పేజీలన్నీ వాటిని అక్కడి నుంచే తీసుకొనేలా చేస్తే, మూడవ వెర్షన్‌లో జరిగినట్లు పేర్లు మారినప్పుడు ఒక్కచోట దిద్దితే సరిపోతుంది. స్క్రీన్‌షాట్లు కూడా వీలైనంత తగ్గించండి. పాఠ్యం ఒక మాట దగ్గర పాతబడుతుంది, స్క్రీన్‌షాటు మొత్తంగా పాతబడుతుంది.

రెండవది, పరీక్షలు. పేజీలోని ఉదాహరణలు నడుస్తున్నాయో లేదో యంత్రం చూడాలి. రస్ట్ భాషలో డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలు మామూలు పరీక్షలతో పాటే నడుస్తాయి. పైథాన్‌లో డాక్‌టెస్ట్ ఆ పని చేస్తుంది. మీ మార్పిడి ఉదాహరణలు దీనికి అచ్చంగా సరిపోతాయి. పాత ఫాంటు పాఠ్యం ఇది, రావలసిన యూనికోడ్ ఇది అని పేజీలో ఇచ్చినదే పరీక్ష అవుతుంది. లింకులను సరిచూసే బిల్డరు స్ఫింక్స్‌లోనే ఉంది. దానిని ప్రతి పుల్ రిక్వెస్టుకూ (గిట్‌హబ్‌లో పంపే మార్పు ప్రతిపాదనకూ) కాక వారానికి ఒకసారి నడపండి. లేకపోతే ఎవరో ఊరూపేరూ తెలియని సర్వరు ఆ పూట పడుకున్న పాపానికి, అక్షరదోషం దిద్దడానికి వచ్చిన మనిషి పుల్ రిక్వెస్టు ఎర్రబడి ఆగిపోతుంది. అతడు మళ్లీ రాడు.

మూల ఫైళ్లలో ఒక్కొక్క వాక్యాన్ని ఒక్కొక్క వరుసలో రాయమని కూడా చెబుతాను. ఇది కొత్త సలహా కాదు, బ్రయన్ కెర్నిహన్ 1974లోనే యూనిక్స్ నేర్చుకొనేవారికి చెప్పినది. ఒక్క మాట మారిస్తే ఒక్క వరుసే మారినట్లు కనబడుతుంది, సమీక్షించడం తేలిక. పేరాలోని వరుసలను విరిచినంత మాత్రాన పీఓ సందేశం మారదు కనుక అనువాదాలూ చెడవు.

మనుషులు దొరకడం గురించి నా దగ్గర మంత్రం లేదు. గిట్‌హబ్ 2017లో చేసిన సర్వేలో అసంపూర్ణమైన, పాతబడిన డాక్యుమెంటేషన్ సమస్యను చూశామని 93 శాతం మంది చెప్పారు. దానికి తాము అరుదుగా గాని, ఎన్నడూ గాని చేయి వేయలేదని 60 శాతం మంది ఒప్పుకున్నారు. నా అనుభవంలో 'ఎవరైనా సాయం చేయండి' అన్న పిలుపుకు స్పందన రాదు. 'ఈ పేజీలోని ఈ మూడు పేరాలు మీ యంత్రంలో సరిగ్గా నడుస్తున్నాయో చూసి చెప్పగలరా' అని ఒక మనిషిని పేరు పెట్టి అడిగితే వస్తుంది. ఆ మనిషి ప్రోగ్రామర్ కానక్కరలేదు. ఈ చర్చలో అటువంటివారు ఒకరు మూడవ స్థానంలోనే కనబడ్డారు.

#12 అచ్చుపని

నా గురించే అనుకుంటాను. గిట్‌హబ్ నాకు రాదు. పేజీ ప్రింటు తీసి, తప్పులు గుర్తు పెట్టి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమంటే పంపగలను. ప్రూఫులు దిద్దడం మాకు అలవాటైన పనే.

#13 చిత్తుప్రతి

అచ్చుపని గారూ, అంతకన్నా మాకు కావలసినదేముంది? ఫోటోలు పంపండి, పుల్ రిక్వెస్టులు నేను పెడతాను. మార్పు వివరంలో మీ కలంపేరు ఉంటుంది.

#14 చిత్తుప్రతి

ఏడు వారాల తరువాత తిరిగి వచ్చి రాస్తున్నాను, ఏమి జరిగిందో చెప్పకుండా వెళ్లిపోవడం బాగుండదు కనుక.

ముందు చిరునామాలు. స్థిరమైన చిరునామా పెట్టాము, పాత వెర్షన్లలో కానానికల్ లింకులూ హెచ్చరిక పట్టీలూ చేర్చాము. వికీ కాలపు చిరునామాల్లో ఇప్పటికీ జనం వస్తున్నవి 34 తేలాయి. అన్నిటికీ రీడైరెక్టు పేజీలు పెట్టాము. 1వ వెర్షన్ పేజీలు గూగుల్‌లో ఇంకా అక్కడక్కడ కనబడుతున్నాయి గాని, బటన్ లేదన్న ఉత్తరాలు బాగా తగ్గాయి.

తెలుగు పేజీల సంగతిలో మా మిత్రుడికీ నాకూ వారం రోజులు వాదన జరిగింది. చివరికి ఆయనే ఒక మాట అన్నారు. ఆ 32 అనువాద పేజీలు రెండవ వెర్షన్‌కు ఇప్పటికీ సరిగ్గానే ఉన్నాయి కదా, వాటిని మూడవ వెర్షన్ ఫోల్డరులో పెట్టడమే మన తప్పు అన్నారు. అవి తప్పు పేజీలు కావు, తప్పు చోట ఉన్న పేజీలు. అందుచేత 32 పేజీలనూ 2వ వెర్షన్ చిరునామాకు మార్చి, అక్కడ అలాగే ఉంచాము. జనం ఎక్కువగా చూసే 14 పేజీలను మాత్రం పీఓ ఫైళ్లలోకి తెచ్చి మూడవ వెర్షన్‌కు సరిచేస్తున్నాము. అందులో 8 పూర్తయ్యాయి. మిగిలిన 18 పేజీలకు మూడవ వెర్షన్‌లో ఇంగ్లిషే ఉంటుంది, పైన 'రెండవ వెర్షన్ తెలుగు పేజీ ఇక్కడ ఉంది' అన్న లింకు ఉంటుంది. పేజీలో ఎంత శాతం తెలుగైందో చూపే సదుపాయం కొత్త స్ఫింక్స్‌లో ఉన్నదని తెలిసి అదీ పెట్టాము. ఆ సంఖ్య చూసి ఇద్దరు కొత్తవారు అనువాదానికి వచ్చారు.

వెతుకు పెట్టె పని ఒత్తు గుడి గారు చెప్పినట్లే చేశాము. రెండు సాయంకాలాలు పట్టింది. 'ఫాంటు' అని వెతికితే ఇప్పుడు సైటంతా రాదు, 11 పేజీలు వస్తున్నాయి.

సొంత తెలుగు పేజీల్లో శీర్షికలకు లేబుళ్లు రాస్తూ పోతే ఒక చేదు నిజం బయటపడింది. 'ఒత్తులు విడిపోయినప్పుడు' పేజీలో గత సంవత్సరం మేము మధ్యలో ఒక విభాగం చేర్చాము. అప్పటి నుంచి ఒక డీటీపీ వాట్సాప్ గుంపులో తిరుగుతున్న 'ఐడీ3' లింకు, రావత్తు సూచనల దగ్గర కాక ప్రోగ్రామును తొలగించే సూచనల దగ్గర తెరుచుకుంటున్నది. ఎంతమంది దానిని నమ్మి తొలగించుకున్నారో! పాత సంఖ్యలను కూడా అదనపు లేబుళ్లుగా సరైన విభాగాలకు కట్టివేశాము.

#15 ఒత్తు గుడి

అదనపు లేబుళ్ల ఆలోచన నాకు తట్టలేదు, బాగుంది. అయితే వాటి పైన ఒక వ్యాఖ్య రాసి పెట్టండి. లేకపోతే రెండేళ్ల తరువాత ఎవరో మంచి మనసుతో వచ్చి, ఎవరూ వాడని లేబుళ్లని శుభ్రం చేసేస్తారు.

#16 అచ్చుపని

మేము తొలగించుకోలేదు గాని, మా చిన్న ఆపరేటరు ఒకసారి 'వీళ్లేమిటి, రావత్తు రాకపోతే ప్రోగ్రామే తీసేయమంటున్నారు' అన్న మాట నిజం. అప్పుడు వేళాకోళం అనుకున్నాను.

కొత్త పేజీ ప్రింటు తీశాము. నాలుగవ పేరాలో 'క్ష' ఒత్తు ఉదాహరణ ఎడమ నిలువు గడిలో యూనికోడ్, కుడి గడిలో పాత ఫాంటు పాఠ్యం పడ్డాయి, తారుమారయ్యాయి. ఫోటో పంపాను.

#17 చిత్తుప్రతి

దిద్దాను. ఆ పట్టిక ఒక్కటే డాక్‌టెస్టులో చేర్చడం మరచిపోయాము. ఇప్పుడు అదీ చేరింది. పదిహేను నిమిషాల్లో సైటులో కనబడుతుంది, అప్పుడు మళ్లీ ప్రింటు తీసుకోండి.